తొమ్మిది మూరల పొడవు, ఎనిమిది మూరల పన్నా

దాదాపు 3,900 ఏళ్ల కిందట పుజుర్ అష్షూర్ అనే వర్తకుడు వక్కుర్తుం అనే ఆమెకు బట్టల కోసం జాబు రాశాడు. ఆమె ఉండేది టిగ్రిస్ ఒడ్డున, అష్షూర్ నగరంలో. అతని వ్యాపారం నేటి తుర్కియే నడిబొడ్డున. మధ్యలో వెయ్యి కిలోమీటర్ల దారి. గాడిదల బిడారు ఆ దూరం నడవడానికి ఇంచుమించు ఆరు వారాలు.

జాబు అరచేతిలో పట్టే మట్టి పలక మీద ఉంది. అందులో అతను ముఖ్యంగా అడిగింది ఇది. ఇంతకుముందు పంపిన మేలు రకం లాంటి గుడ్డలే నేసి, అష్షూర్ ఇదీ అనే మనిషి చేతికిచ్చి పంపమన్నాడు. ఒక్కోదానికి అర మినా (పావు కిలో) వెండి పంపుతానన్నాడు. గుడ్డ ఒక పక్క దువ్వించాలి, నూగు కత్తిరించకూడదు. నేత ఒత్తుగా ఉండాలి. పాతవాటికంటే ఒక్కో గుడ్డలో ఒక మినా, అంటే అర కిలో ఉన్ని ఎక్కువ పడాలి, అయినా గుడ్డ పల్చగానే ఉండాలి. రెండో పక్క తేలిగ్గా దువ్వితే చాలు, అప్పటికీ నూగు కనిపిస్తే కత్తిరించాలి. సొంతంగా నేయడం కుదరకపోతే, అక్కడ అమ్మకానికి చాలా ఉన్నాయని విన్నాను కాబట్టి కొని పంపమన్నాడు. తయారైన గుడ్డ పొడవు తొమ్మిది మూరలు, పన్నా ఎనిమిది మూరలు.

ఆ మూర కూడా మన మూర లాంటిదే, మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచేది. జాబు చదివాక నేతగత్తెకు అడగడానికి ఏం మిగిలింది? రకం, కొలత, ధర, తీసుకొచ్చే మనిషి, వీలుకాకపోతే ఏం చేయాలో, అన్నీ ఉన్నాయి. నేను చూసిన వ్యాపార ఉత్తరాల్లో దీన్ని మించింది లేదు. ఒక్క కొలత రాయడం మరచిపోయి ఉంటే, అది అడిగే జాబు వెళ్లడానికి ఆరు వారాలు, జవాబు రావడానికి మరో ఆరు వారాలు. ఈలోగా చలికాలం వస్తే కొండదారులు మూసుకుపోతాయి. ఇక ఆ ఏడాది వ్యాపారం పోయినట్టే.

ఇలాంటి జాబులు దొరికింది తుర్కియేలో, కైసేరి దగ్గరి కుల్‌తెపె దిబ్బలో. ఆ దిబ్బ కిందే ఆనాటి కనేష్ నగరం ఉంది. అష్షూర్ వర్తకులు అక్కడొక పేట కట్టుకుని తగరం, ఉన్ని బట్టలు అమ్మి, వెండి, బంగారం ఇంటికి పంపేవారు. 1925లో చెక్ పండితుడు బెద్రిహ్ హ్రోజ్నీ, 1948 నుంచి తహ్సిన్ ఓజ్‌గుచ్ జరిపిన తవ్వకాల్లో ఆ ఇళ్ల నుంచి పలకలు బయటపడ్డాయి. దొరికినవన్నీ కలిపితే ఇప్పటికి 23,000 దాకా ఉంటాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఈ జాబులు మొదలయ్యే తీరు ముచ్చటగా ఉంటుంది. ఫలానావారితో చెప్పు, ఫలానావారి మాట ఇది అని మొదటి వాక్యం. కబురు మోసుకెళ్లే మనిషికి ఒకప్పుడు నోటితో అప్పగించిన మాటే పలక మీదికి ఎక్కిందన్నమాట. చాలా జాబుల్లో ఆ వెంటనే పని మొదలైపోతుంది. మన పాత ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ దాటితే గానీ అసలు సంగతి రాదు. ఆ పలకరింపులో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ సరుకు కోసం రాసే జాబులో నాకు కనేష్ పద్ధతే నచ్చుతుంది.

రాతలోనూ చదివేవారి మీద దయ చూపారు. గుర్తుల సంఖ్య బాగా తగ్గించుకున్నారు. మాటకూ మాటకూ మధ్య తరచుగా ఒక నిలువు గీత పెట్టారు. మన కరణాల గొలుసుకట్టు రాతతో కుస్తీపట్టినవారికి ఆ గీత విలువ తెలుస్తుంది. పలక నిండితే అంచుల మీద కూడా రాసేవారు, పోస్టుకార్డు మూలమూలలా నింపిన మన పెద్దల్లాగే. అదీ చాలకపోతే చిన్న పలక ఇంకొకటి జతచేసి, రెంటినీ ఒకే మట్టి కవరులో మూసి, పైన ముద్ర దొర్లించేవారు. అందుకున్నవారు కవరు పగలగొట్టి చదువుకోవాలి. అప్పు పత్రాలకైతే లోపలి సంగతే కవరు మీద కూడా రాసి సాక్షుల ముద్రలు వేసేవారు. పైరాత మీద తగువొస్తే పగలగొట్టి లోపలిది చూడొచ్చు.

నేసి పంపే ఆడవాళ్లూ అంతే సూటిగా రాశారు. అష్షూర్‌లో ఉన్న లమస్సీకి, కనేష్‌లో ఉన్న భర్త పుషుకేన్ నుంచి, పంపిన గుడ్డలు బాగాలేవని పదేపదే జాబులొచ్చాయి. ఆమె మనసు కష్టపెట్టుకోవడానికి కారణం ఉంది: ఇంటిల్లిపాదినీ చూసుకుంటూ, మగ్గాలు నడిపిస్తూ, బయల్దేరే ప్రతి బిడారుతోనూ గుడ్డలు పంపుతోంది. ఆమె తిరిగి రాసిన జాబులో, నీ ఇంట్లో ఉంటూ వచ్చిన గుడ్డలకు వంకలు పెడుతున్నది ఎవరని నిలదీసింది. ప్రతి ప్రయాణానికీ కనీసం పది షెకెళ్ల వెండి, అంటే మన లెక్కలో 83 గ్రాములు, నీ ఇంటికి చేరాలనే నేను పాటుపడుతున్నానని చెప్పింది.