సముద్రశాస్త్రంలో పాతికేళ్ల వాళ్లు

1872 డిసెంబరు 21న ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ రేవు నుంచి బయల్దేరిన ఛాలెంజర్ ఓడతో ఆధునిక సముద్రశాస్త్రం మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ ఓడ మూడున్నరేళ్లు తిరిగింది. దాని నివేదిక 1895 దాకా వెలువడుతూ 50 సంపుటాలైంది. ఈ లెక్కలు అందరూ రాస్తారు. ఓడలోని శాస్త్రజ్ఞుల వయసులు మాత్రం ఎవరూ పట్టించుకోరు. బృందానికి పెద్ద వైవిల్ థామ్సన్‌కు 42 ఏళ్లు. జాన్ ముర్రేకు 31. రసాయనం చూసే బుకానన్‌కు, జీవశాస్త్రవేత్త మోస్లీకి చెరో 28. అందరికన్నా చిన్నవాడు జర్మనీ కుర్రాడు విల్లెమోస్-సూమ్‌కు 25. ఇవాళ్టి లెక్కలో వీళ్లలో ఎక్కువమంది పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు అప్లికేషన్ పెట్టుకునే వయసువాళ్లు.

అంతకుముందూ ఇదే తంతు. డార్విన్ బీగిల్ ఎక్కింది 22వ ఏట. థామస్ హక్స్‌లీ 21 ఏళ్లకే రాటిల్‌స్నేక్ అనే ఓడలో సహాయ వైద్యుడిగా చేరి, రోగులు లేని పూట జెల్లీచేపల్ని కోసి చూసి, రాసిన వ్యాసాలు లండన్‌కు పంపుతూ జవాబు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. తిరిగొచ్చాక 26 ఏళ్లకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అదే హక్స్‌లీ పెద్దవాడయ్యాక, 1868లో, అట్లాంటిక్ అడుగు నుంచి తెచ్చి ఆల్కహాల్‌లో నిల్వ ఉంచిన బురదలో జిగురులాంటి పదార్థం చూసి, అది జీవానికి ఆదిరూపమని ప్రకటించి, బాతీబియస్ అని పేరు కూడా పెట్టాడు. ఛాలెంజర్ మీద బుకానన్ ఆ జిగురును పరీక్షించి తేల్చిందేమిటంటే, అందులో జీవమేమీ లేదు. సముద్రపు నీటిలో ఆల్కహాల్ కలిస్తే విడిపడే కాల్షియం సల్ఫేట్ అది. అప్పటి జీవశాస్త్రంలో హక్స్‌లీది చాలా పెద్దమాట. అయినా ఆయన 1875లో తప్పు ఒప్పేసుకున్నాడు. జీవశాస్త్రంలో చిక్కుముడిని రసాయనం తెలిసిన కుర్రవాడు విప్పాడు. ఈ శాస్త్రంలో ఇలాంటివి మళ్లీ మళ్లీ జరిగాయి.

విల్లెమోస్-సూమ్ ఇంటికి రాలేదు. 1875 సెప్టెంబరులో, 28 నిండిన రెండు రోజులకే, హవాయి నుంచి తాహితికి వెళ్లే దారిలో చర్మవ్యాధి ముదిరి చనిపోతే సముద్రంలోనే అంత్యక్రియలు చేశారు. కుర్రవయసు విజయాల జాబితా రాసేటప్పుడు ఇలాంటి పేరు ఒకటైనా పక్కన ఉంచుకోవాలి. లేకపోతే ఆ చరిత్ర మరీ తియ్యగా తయారవుతుంది.

తర్వాతి పెద్ద అడుగు భౌతికశాస్త్రం వైపు నుంచి పడింది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడను ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించి, దానితో పాటు కొట్టుకుపోతూ ఒక వింత గమనించాడు: మంచు గాలి వీచిన దిక్కుకు పోవడం లేదు, దానికి కుడివైపుగా జరుగుతోంది. భూభ్రమణమే కారణమని ఆయన ఊహించాడు. లెక్క కట్టే పని వాగ్న్ ఎక్‌మన్ అనే విద్యార్థికి అప్పజెప్పారు. ఆ లెక్క 1902లో అతని డాక్టరేట్ థీసిస్ అయింది. తీరం వెంట వీచే గాలి అడుగునున్న చల్లటి నీటిని పైకి ఎందుకు లాగుతుందో, ఆ నీటితో పోషకాలు వచ్చి చేపలు ఎందుకు దండిగా దొరుకుతాయో ఈనాటికీ ఆ థీసిస్‌తోనే వివరిస్తాం. గల్ఫ్ స్ట్రీమ్ లాంటి ప్రవాహాలు మహాసముద్రాల పడమటి అంచునే ఎందుకు బిగుస్తాయో 1948లో చెప్పిన హెన్రీ స్టామెల్ అయితే జన్మలో పీహెచ్‌డీ చెయ్యలేదు. ఇవాళ ఏ సంస్థ ఉద్యోగ ప్రకటన చూసినా ఆయనకు అర్హత ఉండదు.

సముద్రం అడుగు సంగతి ఇంకా ఆసక్తికరం. న్యూయార్క్ దగ్గర లామాంట్ ప్రయోగశాలలో మేరీ థార్ప్ బల్ల ముందు కూర్చుని, ఓడలు తెచ్చిన లోతు కొలతల్ని పటాలుగా గీసేది. ఆడవాళ్లను ఓడ ఎక్కనివ్వని రోజులవి. 1952లో అట్లాంటిక్ నడుమ కొండల వరుసలో ఒక చీలిక లోయ సాగుతోందని ఆమె గుర్తిస్తే, సహచరుడు హీజెన్ ఆడపిల్ల కబుర్లని కొట్టిపారేశాడు. పక్కబల్ల దగ్గర హోవర్డ్ ఫోస్టర్ అనే యువకుడు భూకంప కేంద్రాల్ని మరో పటం మీద గుర్తిస్తున్నాడు. రెండు పటాల్నీ కలిపి చూస్తే చుక్కలన్నీ ఆ లోయలోనే పడ్డాయి. పదేళ్ల తర్వాత, మన హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శిఖర శ్రేణి మీద భూభౌతిక శాస్త్రవేత్త మాథ్యూస్ సేకరించిన అయస్కాంత కొలతలు అతని విద్యార్థి ఫ్రెడ్ వైన్ చేతికొచ్చాయి. సముద్రపు నేల ఆ శ్రేణి దగ్గర పుట్టి రెండు వైపులా జరుగుతోందనడానికి 1963లో నేచర్ పత్రికలో వాళ్లిద్దరూ రాసిన వ్యాసం ముఖ్యమైన ఆధారమైంది. వైన్‌కు అప్పుడు 24.

ఆ కొలతలు తీసిన కాలంలోనే అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర నడుస్తోంది. అది 1965 దాకా సాగింది, 40కి పైగా ఓడలు పాల్గొన్నాయి. మనవైపు కథ అంతకు ముందే విశాఖలో మొదలైంది. 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, నౌకాదళ ఓడల మీద విద్యార్థుల్ని బంగాళాఖాతంలోకి తీసుకువెళ్లారు. ఆ రోజుల్లో నీటి ఉష్ణోగ్రత కొలిచే బాతీథర్మోగ్రాఫ్‌లో పూత పూసిన చిన్న గాజుపలక ఉండేది. పరికరం దిగేకొద్దీ సూది దానిమీద సన్నటి గీత గీసేది. పైకి తీశాక ఆ గీతే రికార్డు. చెయ్యి తగిలి చెరిగిందా, ఆ చోట తీసిన కొలత పోయినట్టే. విశాఖ తీరం దగ్గర నీరు ఏ కాలంలో పైకి లేస్తుందో, ఏ కాలంలో కుంగుతుందో 1954 నాటికే అచ్చులోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయపు గుర్తు సముద్రం అడుగున కూడా ఉంది: మన తీరానికి ఎదురుగా ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు. మహదేవన్ అంటే అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్.

ఆ అంతర్జాతీయ యాత్రలో వలలకు పడ్డ ప్లవకాల నమూనాలు కొచ్చిలో పెట్టిన జీవశాస్త్ర కేంద్రానికి చేరేవి. మైక్రోస్కోపు కింద ఒక్కో సీసా ఒంపి, రొయ్య జాతి పిల్లలు ఇటు, బాణప్పురుగులు అటు, చేపగుడ్లు మరోవైపు అని ఏరే పని అక్కడి యువ పరిశోధకులది. వాళ్ల పేర్లు పెద్దగా ఎవరికీ తెలియవు. 1966 జనవరి 1న, ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడినప్పుడు దానికి పునాది మాత్రం వాళ్లే. 1976లో గవేషణి, 1983లో సాగర్ కన్య వచ్చాక మనకంటూ ఓడలు ఉన్నాయి. అదే 1983లో బయల్దేరిన అంటార్కిటికా యాత్రలో గోవా సంస్థకు చెందిన అదితి పంత్ ఉన్నారు.

ఈ లోగా శాస్త్రం పక్కకు ఎంత పెరిగిందో చూడండి. 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి ఊటలు కనుక్కున్న బృందంలో ఒక్క జీవశాస్త్రవేత్త కూడా లేడు. ఎదురుగా నిలువెత్తు గొట్టపు పురుగులు. అవి నోరూ కడుపూ లేకుండా ఎలా బతుకుతున్నాయో కొన్నేళ్ల తర్వాత హార్వర్డ్‌లో ఒక ప్రసంగం వింటూ లేచి చెప్పింది కొలీన్ కావనా అనే విద్యార్థిని. పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలున్నాయని వక్త అనగానే, అయితే గంధకంతో బతికే బ్యాక్టీరియా లోపలే కాపురముండి దానికి తిండి పెడుతున్నాయన్నమాట అని ఆమెకు తట్టింది. 1981లో దాన్ని నిరూపించింది.

ఇవాళ ఓడ ఎక్కిన పరిశోధక విద్యార్థి చేసే పనిలో ఈ పొరలన్నీ కనిపిస్తాయి. అర్ధరాత్రి, నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ పరికరం డెక్ మీదికి వస్తుంది, చుట్టూ 24 సీసాలతో. ముందు ఆక్సిజన్ నమూనా పట్టాలి. రబ్బరు గొట్టం గాజుసీసా అడుగుదాకా దించి, బుడగ రాకుండా నింపి, పొర్లనిచ్చి, మాంగనీసు ద్రావణం, ఆపైన క్షార అయొడైడ్ వేసి బిరడా బిగించి ఊపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతు నీరైతే మడ్డి దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది 1888లో బుడాపెస్ట్‌లో డాక్టరేట్ చేస్తున్న 25 ఏళ్ల వింక్లర్. 

ఆ తెల్లమడ్డి నీటిలో నిజంగా ఆక్సిజన్ లేదా అన్నది తేలడానికి అతిసున్నితమైన సెన్సర్లు కావలసి వచ్చాయి. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం అక్కడ అత్యల్పంగా ఆక్సిజన్ మిగిలే ఉంది. అరేబియా సముద్రంలో జరిగినంతగా ఇక్కడ నత్రజని నష్టం (బ్యాక్టీరియా పోషక నత్రజనిని వాయువుగా మార్చేయడం) జరగకపోవడానికి కారణం ఆ కాస్త ఆక్సిజనే. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు కావాలన్నా సెన్సర్ చేసే ఇంజినీరు, బ్యాక్టీరియా జన్యువులు చదివేవాళ్లు, గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు పైన తేలి కలవకుండా ఎలా ఉంటుందో లెక్కగట్టేవాళ్లు అందరూ ఉండాలి. వీళ్లకు తోడు, 10 రోజులకొకసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి తేలి కొలతలు పంపే ఆర్గో ఫ్లోట్లు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటి డేటా ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ నుంచి సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం వెళ్తున్నాయంటే కొలతలు ఇలా దూరం నుంచే అందుతున్నందుకే. 2023లో అంతర్జాతీయ జలాల జీవవైవిధ్య ఒప్పందం కుదిరాక న్యాయశాస్త్రం కూడా ఈ పనిలో భాగమైంది.

ఇంత వెడల్పూ ఒక్క మనిషి బయోడేటాలో ఉండాలని ఆశించడమే ఇప్పుడు జరుగుతున్న పొరపాటు. కోడింగ్, జన్యువులు, ఉపగ్రహ చిత్రాలు, విధాన పత్రాలు అన్నీ వచ్చిన పాతికేళ్ల అభ్యర్థి కావాలంటారు, ఇచ్చేది మాత్రం ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగం. బుకానన్‌కు రసాయనం వచ్చు. థార్ప్‌కు పటం గీయడం వచ్చు. వాళ్లకు కలిసొచ్చింది పక్కబల్ల దగ్గర వేరే విద్య తెలిసిన మనిషి ఉండటం, చేతికి అసలైన నమూనా అందడం. 2015లో గోవాలో మొదలైన రెండో హిందూ మహాసముద్ర యాత్ర యువ శాస్త్రవేత్తలకు విడిగా ఒక బృందం పెట్టింది, ఐక్యరాజ్య సమితి సముద్ర దశాబ్దం కూడా పెట్టింది. మంచిదే. కానీ బృందాల్లో చేరినంత మాత్రాన నీటి నమూనా చేతికి రాదు. మన సంస్థలు ఓడ ప్రయాణాల జాబితా తయారుచేసేటప్పుడు విద్యార్థుల బెర్తులు చివర మిగిలితే ఇచ్చేవిగా కాక, మొదటే రాసి పెట్టాలి. వాటిలో కొన్ని తీరప్రాంత కాలేజీల్లో ఎమ్మెస్సీ చదివే పిల్లలకూ దక్కాలి.