పొడుగు గింజ వడ్లు: మన కాలవ కింద ఏది నిలుస్తుంది, ఎందుకు?

నారు పోసే కాలం వస్తే అందరి నోటా ఒకటే మాట, "ఈ తూరి ఏ వడ్లు పోస్తాండావన్నా?" అని. ఈ మధ్య పొడుగు గింజ రకాల గురించి చానా మంది అడుగుతాండారు. విత్తనం సంచి కొనే ముందు ఆ గింజ కథ తెలుసుకోవడం మంచిది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. సన్నంగా ఉన్నవన్నీ పొడుగు గింజలు కావు. బియ్యం గింజ పొడవు 6 మిల్లీమీటర్లు దాటి, వెడల్పుకు 3 రెట్లన్నా ఉంటే దాన్ని పొడుగు సన్నం అంటారు. కర్నూలు సోనా అని మనం అమ్ముకునే బీపీటీ 5204 దీంట్లోకి రాదు, అది మధ్యరకం సన్నం. ఐఆర్ 64, ఎంటీయూ 1010 పొడుగు సన్నాలు. పాత ఐఆర్ 8 పొడుగే గానీ లావు.

ఇప్పుడు పాత కథకు పోదాం. చెరువుల కింద కొన్ని మళ్లు తప్పిస్తే మన సీమలో వరి పెద్ద పంట కాదు. జొన్న, కొర్ర, పత్తి మనవి. వరి బువ్వ పండగ నాటి మాట. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా కేసీ కాలవ తవ్వింది. నీళ్లు వచ్చినా నల్లరేగడి రైతులు మొదట్లో తీసుకోలేదు. వాన పడితే జొన్న, పత్తి ఎట్లాగూ పండుతాయి, నీటి పన్ను ఎందుకు కట్టాల అని వాళ్ల లెక్క. కంపెనీ నష్టాల్లో పడి, 1882లో ప్రభుత్వమే కాలవను కొనుక్కుంది. అంటే నీళ్లు ఉన్నంత మాత్రాన మన పెద్దోళ్లు వరి పెట్టలేదు, ఖర్చు చూసుకొని పెట్టినారు.

ఆ కాలం వడ్లు ఎత్తు రకాలు. నాలుగు గంపలు ఎరువు ఎక్కువైతే పడిపోయేవి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 ఇచ్చింది. ఇండోనేషియా పొడుగు రకం పేటాను తైవాన్ పొట్టి రకంతో కలిపి తీసినారు. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించినారు. దిగుబడి చూసి జనం నోరు తెరిచినారు. అయితే గింజ లావు, మిల్లులో నూక ఎక్కువ, అన్నం ఆరితే గట్టి. కడుపు నింపింది గానీ నోటికి రుచించలేదు.

ఆ లోటు తీర్చడానికే తర్వాతి రకాలన్నీ పుట్టినాయి. ఒక దోవలో బాపట్ల వాళ్లు 1986లో బీపీటీ 5204 ఇచ్చినారు. దాని వెనక పాత సన్నరకం జీఈబీ 24, తైవాన్ టీఎన్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి ఉన్నాయి. ఇంకో దోవలో 1985లో ఐఆర్ 64 వచ్చింది. దాన్ని కృష్ణవేణితో కలిపి మారుటేరు వాళ్లు 2000లో ఎంటీయూ 1010, అదే కాటన్‌దొర సన్నాలు, తీసినారు. తమాషా ఏందంటే ఈ రెండు దోవల్లోనూ పొట్టితనం ఆ తైవాన్ రకం నుంచి వచ్చిందే. తాత ఒకడే, మనవళ్ల గుణాలు వేరు.

ఆ గుణాలేందో చూడండి. బీపీటీకి 145 నుంచి 150 రోజులు కావాల. అగ్గితెగులు, ఎండాకు తెగులు తొందరగా అంటుకుంటాయి. కానీ తినేవాళ్లకు ఇష్టం, బేరగాడు ముందు అడిగేది దాన్నే. ఎంటీయూ 1010కి 120 రోజులు చాలు, దోమపోటును కొంత తట్టుకుంటుంది. నెల్లూరు వాళ్ల ఎన్ఎల్ఆర్ 34449 కూడా 120, 125 రోజుల్లో వస్తుంది, అగ్గితెగులు తట్టుకుంటుంది, గింజ మాత్రం మధ్యరకం సన్నమే.

అసలు లెక్క ఇక్కడే ఉంది. కాలవకు నీళ్లు ఆలస్యమై ఆగస్టు 10న నారు పోసినామనుకోండి. బీపీటీ కోతకు జనవరి మొదటివారం అవుతుంది. 1010 డిసెంబరు 8 ప్రాంతానికే వస్తుంది. ఆ నెల రోజుల నీళ్లు ఎవరిస్తారు? రాజోలి ఆనకట్ట దగ్గరుండే ప్రొద్దుటూరు పైమళ్ల రైతు ధైర్యం చేయొచ్చు. కాలవ చివరోడు చేయలేడు. జమ్మలమడుగు రైతు మైలవరం డ్యాములో నీళ్లెంతున్నాయో చూసి దిగాల. పులివెందుల వైపు బోరు మీద వరి పెట్టేవాళ్లకు ఒక్కో రోజు తగ్గినా కరెంటు, నీళ్లు మిగిలినట్టే.

ఇంకోమాట. పొడుగు గింజ అనంగానే బాస్మతి విత్తనం ఇస్తామని ఎవరన్నా వస్తే ఆలోచించండి. బాస్మతికి భౌగోళిక గుర్తింపు ఉంది. పంజాబ్, హర్యానా లాంటి ఉత్తరాది ప్రాంతాలకే ఆ పేరు చెల్లుతుంది. గింజ పాలుపోసుకునేటప్పుడు చలి ఉంటేనే దానికి వాసన. మన ఎండకు మొక్క పెరుగుతుంది, వాసన నిలవదు, ఆ పేరుతో అమ్మనూ లేము.

నేను చెప్పేది ఇంతే. నీళ్లు ఖాయంగా ఉంటే రేటు చూసుకోండి. నీళ్ల మీద అనుమానముంటే రోజులు చూసుకోండి. కొత్త రకమైతే ముందు పది సెంట్లలో వేసి, పండినాక అన్నం వండుకొని తిని, మిల్లులో నూక ఎంత పోతాందో చూసి, అప్పుడు ఎకరాలకు పోండి. నూటయాభై ఏళ్ల కిందట కాలవ నీళ్లొద్దన్న పెద్దోళ్లు వేసిన లెక్క కూడా ఇదే.

మీ ఊర్లో పెద్దోళ్లు ఏ వడ్లు వేసేవాళ్లో, వాటి పేర్లు గుర్తుంటే రాయండి. ఆ పేర్లు పోకముందే ఒకచోట చేర్చుకుందాం.