ముమ్మడి వ్రాసిన జాబు



ఉపకారము చేసినవారికి వ్రాయు జాబును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. ఓరుగల్లువాడను గావున నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది కాగితముమీది జాబు గాదు, రాతిమీదిది.

నల్లగొండ జిల్లా నకిరేకల్లు చేరువ చందుపట్ల యను గ్రామమున నొక శాసనము కలదు. దానిని వేయించిన పువ్వుల ముమ్మడి రాజు గాడు, మంత్రి గాడు, కొలువులోని సేవకుడు. మన ఓరుగల్లు నేలిన రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరనియు, వారి పుణ్యమునకై తాను సోమనాథదేవరకు భూమి నిచ్చితిననియు నందు చెప్పుకొనెను. అది 1289 నవంబరు 27వ తేది నాటిది.

ఆ తేదియే చరిత్రకారుల లెక్కను మార్చినది. గణపతిదేవుని కూతురు 1295 ప్రాంతము వరకు రాజ్యము చేసెనని అంతకు పూర్వము వ్రాయుచుండిరి. ఆమె కాయస్థ అంబదేవునితోడి పోరున కూలెనని పలువురు ఊహింతురు గాని, ముమ్మడి ఆ సంగతి యెత్తలేదు. గొప్పవారు వేయించిన పొడవైన ప్రశస్తు లెన్నియో యుండగా, దొరసాని యెప్పటికి లేకపోయెనో మనకు తెలిపినది యీ సేవకుని నాలుగు మాటలే.

శాసనము జాబెట్లగునని మీరడుగవచ్చును. ఎవరికొరకు, ఎవరు, ఏమి చేసిరి, ఏనాడు అను నాలుగును అందున్నవి. మన జాబులలో తరచుగా నుండనివి యవియే. ఉభయకుశలోపరి యని మొదలిడి, తమ మేలు మరువజాలనని ముగింతుము. ఆ మేలేదో చెప్పము.

నేనును అట్టివాడనే. హనుమకొండలో వారములు చేసికొని చదువుకొంటిని. గురువారము నాకు అన్నము పెట్టిన ముసలితల్లి, నేను ఆలస్యముగా పోయినను చింతకాయ పచ్చడియు పెరుగును దాచియుంచెడిది. ఉద్యోగము దొరకి ఊరు విడిచితిని. ఆమెకు చదువు రాదు గదా, జాబెవరు చదివి వినిపింతురని నాకు నేనే సాకు చెప్పుకొంటిని. ఆ యింట చదువుకొన్న కొడుకులున్నారని నే నెరుగనివాడను గాను.

చందుపట్ల రాతిని చూచి వచ్చిన రాత్రి జాబు వ్రాసితిని. పచ్చడి మాటయు వ్రాసితిని. అప్పటికే ఆమె గతించియుండెను. మనుమడు బదులు వ్రాసెను: “మా నాయనమ్మ చాలమందికి వారములు పెట్టినది. తమరు ఏ యేట మా యింట భుజించిరో దయచేసి తెలుపుడు.”

ఆ యేడు నాకు సరిగా జ్ఞప్తికి రాలేదు.