పుస్తకం చూపిన లోకం

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు మిత్రులు గురువుల గురించి, ఆటల గురించి రాస్తామన్నారు. నేను గ్రంథాలయాల చరిత్ర ఎంచుకున్నాను. సురంగల్ బడిలో చదివిన నాకు, పాఠ్యపుస్తకం బయట కూడా లోకం ఉందని చెప్పింది బడి బీరువాలోని కథల పుస్తకాలే.

నిజాం పాలనలో సర్కారు బడి చదువు ఉర్దూలో సాగేది. తెలుగు చదవాలనుకున్న పిల్లవాడికి పుస్తకం దొరకడమే కష్టం. ఆ లోటు తీర్చడానికి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి పూనుకున్నారు. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది.

చోటు ఉంటే చాలదు, చదవడానికి పుస్తకాలూ కావాలి. అందుకే 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. దాని తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. పేదింట పుట్టి, దొరికిన పుస్తకమల్లా చదివి, బానిసత్వాన్ని ఎదిరించిన అమెరికా అధ్యక్షుడి కథ అది. వెట్టిచాకిరి నడుస్తున్న నేల మీద ఆ కథ చదివిన కుర్రవాడికి తన ఊరు కొత్తగా కనబడి ఉండదా? తర్వాత రసాయనశాస్త్రం, జీవశాస్త్రం వంటివీ తెలుగులో అచ్చయ్యాయి.

పల్లెల నుంచి పట్నం వచ్చిన విద్యార్థులకు 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ నీడనిచ్చింది. అక్కడి గ్రంథాలయాన్ని సురవరం ప్రతాపరెడ్డి శ్రద్ధగా పెంచారు. చదువుకున్న వాడు ప్రశ్నిస్తాడని సర్కారుకూ తెలుసు. సభ పెట్టాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 తెచ్చింది. అయినా ఉద్యమం ఆగలేదు. మన పక్క ఊరు పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. మన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగారు.

నేడు చట్టం మనవైపే ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. నాడు పెద్దలు చందాలు పోగుచేసి, అనుమతులు అడిగి సాధించింది నేడు మనకు హక్కుగా దక్కింది. ఆ హక్కును వాడుకునే చదువరులు తయారు కావాలి. పిల్లల చేతిలో ఫోన్ ఉంది, అందులో లోకమంతా ఉంది. కానీ ఒక మనిషి జీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా ఓపికగా తెలుసుకోవడం పుస్తకంతోనే అలవడుతుంది.

సంఘం ముందు నా మనవి ఒకటే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక గంట చదువు గంటగా పెట్టించుదాం. పుస్తకాలు మనం కొనిద్దాం. చదివిన పిల్లలు శనివారం ప్రార్థన తర్వాత ఆ పుస్తకం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. వినడానికి మనలో ఒకరు తప్పకుండా వెళ్దాం. బీరువాకు తాళం మాత్రం వద్దు.