నల్ల బీరు, ఈతకల్లు: నాలుక చెప్పే లెక్క

స్టౌట్ అనబడే నల్ల బీరును రుచి చూడడానికి ఒక వరుస ఉంది. మొదట రంగు, పిదప నురుగు, ఆపైన వాసన, తరువాత గుక్క, చివరకు మింగినాక నాలుకపై మిగిలేది. ఆ వరుసలోనే చూశాను. కాటుకలా కనిపించే ద్రవం దీపానికి ఎదురుగా పడితే ముదురెరుపు. వేయించిన కాఫీగింజల వాసన. మాడిన రొట్టె అంచులోని చేదు, చివర కాస్త వగరు. చూపుకు బరువే గాని, పేరుమోసిన గిన్నిస్ డ్రాఫ్టులో మద్యం 4.2 శాతమే.

ఆ నలుపుకొక చరిత్ర ఉంది. పద్దెనిమిదవ శతాబ్దపు లండనులో కూలిజనం తాగిన బీరు పోర్టర్. అందులో ఘాటైనదే స్టౌట్. 1784లో జాన్ రిచర్డ్‌సన్ సాకరోమీటరు వాడకాన్ని వివరిస్తూ పుస్తకం ప్రకటించాడు. ద్రవంలో చక్కెర పాలు ఎంతో తేల్చే సాధనమది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అంటారు. ముదురుగా కాల్చిన మాల్టుకంటె లేత మాల్టే ఎక్కువ చక్కెరనిస్తుందని ఆ కొలతతో తేలింది. బీరు కాచేవారు లేత మాల్టుకు మళ్ళారు. లాభం పెరిగింది, పాత రంగూ రుచీ పలచబడ్డాయి. 1817లో డేనియల్ వీలర్ మాల్టును కాఫీగింజల మాదిరి నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు పొందాకనే ఆ నలుపు తేలికగా తిరిగి వచ్చింది. కొలత తోసిపుచ్చినదాన్ని నాలుక పట్టుబట్టి రప్పించుకున్నదన్నమాట.

ఈస్టిండియా కంపెనీ తన తెల్ల సిపాయిల కోసం ఆ పోర్టరును ఓడలపై మన దేశానికి తెచ్చింది. అదే కంపెనీకి 1800లో నిజాము దత్తమండలాలను అప్పగించాడు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట అనంతపురం నుండే పాలన సాగించాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అయిన ఈ నేల బార్లీది కాదు. వంకగట్లను, చెరువుల దిగువను మిగిలిన తేమను పట్టుకొని బతికే ఈతచెట్టుది. దానిని గీసే విద్య ఈడిగలది.

ఈతకల్లునూ అదే వరుసలో చూడవచ్చు. పలచని పాలరంగు, బుసబుసమనే నురుగు, పండిన పండు వాసన. తెల్లవారుజామున దించినది తీపి. ఎవరూ ఏమీ కలపకుండానే గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు ఆ తీపిని మద్యంగా మారుస్తాయి. కొద్ది గంటల్లో అది స్టౌట్ ఘాటును అందుకుంటుంది, మరునాటికి పుల్లని నీళ్ళవుతుంది. సీసాలోని స్టౌట్ ఉన్నచోటనే ఉంటుంది. కుండలోని కల్లు గడియగడియకూ నడుస్తుంది. కనుక కల్లును అంచనా వేయడమంటే అది ఎప్పుడు దించినదో చెప్పగలగడమే. ఎరిగినవాడి నాలుక గడియారం.

ఈ విద్యను కాగితమెక్కించాలని ఏలినవారికి తోచలేదు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద లెక్కకు వచ్చింది చెట్టు, దానిపై పన్ను. 1937లో మద్యనిషేధ చట్టం వచ్చింది. మరుసటి ఏడు పొరుగున కడప, చిత్తూరు జిల్లాలకు నిషేధం విస్తరించింది. ఒకరికి పన్ను, ఒకరికి పాపం. రుచి ఎవరికీ పట్టలేదు.

ఇది తాగుబోతుల గోడు కాదు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము వంటి మందులు కలిపిన నీళ్ళు కల్లు పేర అమ్ముడై ప్రాణాలమీదికి తెచ్చిన దేశం మనది. ఆ కల్తీని రుజువు చేయవలసింది ప్రయోగశాలే. అయితే "ఇది పొద్దుటి గీత కాదు" అని ముందుగా అనుమానించవలసింది గీసేవాడూ, తాగేవాడూ. స్టౌట్ రుచిని వర్ణించడానికి ఇంగ్లీషులో పుస్తకాలకు పుస్తకాలున్నాయి. మన కల్లు రుచుల మాటలు మాత్రం ముసలివారి నోళ్ళలోనే మిగిలాయి. వంకగట్టున చెట్టు ఎండితే దానితోపాటు ఆ మాటా ఎండుతుంది. మీ ఊళ్ళో తెల్లవారి కల్లును ఏమంటారు, పొద్దెక్కిన కల్లును ఏమంటారు? తెలిసినవారు ఆ మాటలను ఎక్కడైనా రాసి ఉంచండి.