మిరియం ఇచ్చిన పేరు

ఎవరి మీదైనా మండిపడుతున్న మనిషిని చూసి 'కారాలూ మిరియాలూ నూరుతున్నాడు' అంటాం. నూరేది కోపమే అయినప్పుడు రెండు దినుసులెందుకు? మిరియం కూడా కారంగానే ఉంటుంది కదా! అయినా మిరియాల పొడిని తెలుగింట్లో ఎవరూ 'కారం' అనరు. కూరలో కాస్త కారం వెయ్యమంటే చెయ్యి ఎర్రపొడి డబ్బా మీదికే పోతుంది. రుచి పేరును మిరపకాయ ఒక్కటే సొంతం చేసుకుంది. ఆ రుచికి మొదటి హక్కుదారైన మిరియం మాత్రం ఈ జాతీయంలో కారం పక్కన విడిగా నిలబడి, తన పాత హోదాను గుర్తుచేస్తూ ఉంటుంది.

మిరపకాయ మనకు కొత్త. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492 తర్వాత ఐరోపా చేరి, పోర్చుగీసు ఓడలెక్కి ఇక్కడికి వచ్చింది. వాస్కో డ గామా 1498లో కాలికట్ తీరానికి చేరింది మిరియాల బేరం కోసం. అలా మిరియాల కోసం వచ్చినవాళ్లే, తర్వాత మిరియాలను మూలకు నెట్టే కాయను మోసుకొచ్చారు. అంతకుముందు మన కారమంతా శొంఠి, పిప్పళ్లు, మిరియాలే. ఆయుర్వేదం ఈ మూడింటినీ కలిపి త్రికటుకం అంది. ఆ కాలపు వంట ఇంకా పూర్తిగా పోలేదు. చాలా ఇళ్లలో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, మిరియాలే వాడాలి. పూరీలో జగన్నాథుడి మహాప్రసాదంలోకీ మిరపకాయను రానివ్వరు. పితృదేవతలూ, జగన్నాథుడూ 1498కి ముందు రుచి దగ్గరే ఆగిపోయారు.

కాయ కొత్తదే గాని, పేరు పాతది. తెలుగులో మాట చివర వచ్చే ము సమాసంలో చాలాసార్లు పు అవుతుంది. గుర్రము గుర్రపు బండి అవుతుంది, ధాన్యము ధాన్యపు గాదె అవుతుంది. ఆ లెక్కన మిరియము మిరియపు కాయ. నాలుకల మీద నలిగి నలిగి అదే మిరపకాయ అయిందనుకుంటే చక్కగా కుదురుతుంది. తమిళుల మిళగాయ్ కూడా మిళగు, కాయ్ కలిసినదే. కన్నడిగుల మెణసినకాయి అంటే మెణసు తాలూకు కాయ. మూడు భాషలవాళ్లు కూడబలుక్కోకుండానే ఒకే పని చేశారు. మిరియాన్ని మనం ఎండిన గింజగా ఎరుగుదుం. ఈ కొత్త కాయ పచ్చిగా ఉండగానే కోసుకుని కొరుక్కునేది. అందుకే తేడా తెలిసేలా 'కాయ' తగిలించారు. తర్వాత ఆ తోక కూడా అక్కర్లేకపోయింది. మిరపనారు, మిరపతోట, మిరప మొక్క అంటూ 'మిరప' దానంతటది ఒక మాటగా నిలబడింది.

మిరియం సంస్కృత మరీచం నుంచి వచ్చిందా, మరీచమే దక్షిణాది నుంచి సంస్కృతంలోకి పోయిందా అన్నది భాషావేత్తల మధ్య పాత పేచీ. తీగ పుట్టింది మలబారు కొండల్లో కనక నా మొగ్గు రెండో పక్షానికే. ఆ మరీచమే హిందీలో మిర్చ్ అయి, మిర్చిగా మళ్లీ మన గడప తొక్కింది. పొలంలో మిరప, గుంటూరు యార్డులో మిర్చి, హోటల్లో చిల్లీ. ఈ చివరిది మెక్సికోలోని నావాటల్ మాట. కాయ పుట్టినింటి పేరు మన ఊరికి చేరడానికి చిల్లీ చికెన్ దాకా ఆగాల్సొచ్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురం దగ్గర, ఇదే కాయకు ఇంకో పేరు వినిపిస్తుంది. ఒడియా మాట్లాడేవాళ్లకు మిరియం గోలమరిచ, అంటే గుండ్రటి మరిచం. మిరపకాయ లంకామరిచ, లేదా ఒట్టి లంకా. సముద్రం మీద వచ్చినదాన్ని లంక నుంచి వచ్చిందనుకుని పెట్టిన పేరు కావచ్చు. తెలుగువాడికి లంక అంటే గోదావరి మధ్యన దిబ్బ, అక్కడి పొగాకు గుర్తొస్తాయి; ఇది వింటే తికమకే. ఒకే సంతలో, ఒకే బుట్టలో కాయలకు ఒకరు రుచిని బట్టి, మరొకరు వచ్చిన దారిని బట్టి పేరు పెట్టారు.

వచ్చిన దారిని బట్టి పెట్టిన పేర్లు తరచుగా తప్పుతాయి. మిరప లంకలో పుట్టలేదు. అతి ఘాటైన రకాలున్న జాతికి 1776లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త క్యాప్సికం చైనెన్సే అని పేరుపెట్టాడు, చైనాదనుకుని. దానికీ చైనాకూ పుట్టుసంబంధం ఏమీ లేదు. పేరు మాత్రం శాస్త్ర గ్రంథాల్లో అలాగే ఉండిపోయింది. మనమూ సీమచింత, సీమవంకాయ అంటూ ఇలాంటివి కొన్ని చేశాం. కాకపోతే వాటిలోనూ చింతను, వంకాయను వదల్లేదు.

ఇదే జిల్లాలోని పలాసను బతికిస్తున్న జీడిపప్పు కథా ఇదే. ఆ చెట్టు బ్రెజిల్‌ది, తెచ్చినవాళ్లు పోర్చుగీసులే. అక్కడి టూపీ భాషలోని అకాజు పోర్చుగీసులో కాజు అయింది, హిందీవాళ్లు దాన్ని కాజూగా ఉంచుకున్నారు. తెలుగువాళ్లు దాని జోలికి పోలేదు. మన అడవుల్లో జీడి ముందే ఉంది. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లరసం దానిదే; ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. కొత్త చెట్టు గింజ తొక్కలోనూ అలాంటి రసమే ఉంది. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడేది దాని వల్లే. ఆకూ పూతా కొంత మామిడిని గుర్తుచేస్తాయి. రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా అంటుంది.

మిరప విషయంలో శాస్త్రం అలా తలూపదు. మిరియం తీగ వేరు, మిరప మొక్క వేరు. మిరప వంకాయకూ టమాటాకూ చుట్టం. అయితే పేరుపెట్టినవాళ్లు మొక్కను చూసి పెట్టలేదు, నోట్లో వేసుకుని పెట్టారు. మిరపలోని క్యాప్సైసిన్‌కు స్పందించే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆ పనికే ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. వేడి నీళ్లు తగిలినా మేలుకునే గ్రాహకం అది. మిరియంలోని పైపరిన్ మేలుకొలిపేదీ దాన్నే. అంటే నాలుక చెప్పిన చుట్టరికం నిజమే.

మిరియాన్ని మిరప గెలిచింది ఘాటుతోనే అంటే నేను ఒప్పుకోను. మిరియం తీగకు నీడ కావాలి, పాకడానికి చెట్టు కావాలి, కొండవాన కావాలి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఇసుక నేలలో పేదవాడి పెరట్లో అది కాసేది కాదు, కొనుక్కోవాల్సిందే. మిరపకు గుప్పెడు మట్టి, నెత్తిన ఎండ చాలు. కొనుక్కునే కారం పోయి పండించుకునే కారం వచ్చింది. ఆ తేడా ఇప్పుడు పలాస, టెక్కలి అపార్టుమెంట్ల బాల్కనీల్లో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పెరడు పోయినా మిరప పోలేదు. రంగు డబ్బాలో, అడుగున మేకుతో చిల్లులు కొట్టిన జీడిపప్పు రేకు డబ్బాలో, పన్నెండు అంగుళాల కుండీలో అది కాస్తూనే ఉంది. మట్టిలో పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలుపుతారు. పొట్టును ముందు రెండు మూడు నీళ్లలో కడిగి ఉప్పు వదిలించాలి, లేకపోతే నారు ఎదగదు. నలభై రోజుల నారును కుండీకి ఒక్కటి చొప్పున నాటితే చాలు. మే నెల ఎండకు పూత రాలిపోతే బెంగపడక్కర్లేదు. చల్లబడగానే మళ్లీ పూస్తుంది.

ఈ సాగు మాటల్లో నాకు బాగా నచ్చింది 'ముడత'. ఉద్దానంలోని కవిటి వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర అపార్టుమెంటులో ఉంటున్న పెద్దావిడ ఒకరు, పక్కింటి కోడలు మొక్కకు మందేదో కొట్టబోతుంటే ఆపి అడిగింది: "ఆకు పైకి ముడుసుకున్నాదా, కిందకి ముడుసుకున్నాదా? అది సూడకండా మందేటి కొడతావమ్మా?" ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అయితే పైముడత, అది తామర పురుగు పని. తిరగేసిన పడవలా అంచులు కిందికి వాలితే కిందముడత, అది నల్లి. మొదటిదానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొడతారు. రెండోదానికి నీళ్లలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ ఎండ తగ్గాకే. రోగాన్ని పట్టించే గుర్తును రైతు తెగులు పేరులోనే పెట్టేశాడు. 2021లో ఆంధ్రా, తెలంగాణ మిరపతోటలను ఊడ్చేసిన కొత్తరకం పురుగుకూ అలాగే చూడగానే నల్లతామర అని పేరు పెట్టారు. దాని శాస్త్రీయనామం పలకడానికే నోరు తిరగదు.

ఆవిడ వచ్చిన ఉద్దానం అన్న మాటే ఉద్యానమని పెద్దలంటారు. విద్య విద్దె అయిన చోట ఉద్యానం ఉద్దానం కావడంలో వింతలేదు. కొబ్బరి, జీడి, పనస మధ్య ఇళ్లు కట్టుకున్న ఆ తోట 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకు ఒక్క రాత్రిలో నేలకొరిగింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కుండీలో మిరప మూడు నెలల్లో కాయ చేతికిస్తుంది. అది తోటకు సాటి అనను గాని, తోట మాటల్లో కొన్నయినా దానితో మిగులుతున్నాయి.

మిగులుతున్నవి కూడా పోయే దారిలోనే ఉన్నాయి. విత్తనాలిప్పుడు పొట్లాల్లో వస్తున్నాయి, పొట్లం మీద అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ. ఒకప్పుడు జి-4 అనే రకానికి భాగ్యలక్ష్మి అని కూడా పేరుపెడితే అది రైతు నోటికి పట్టింది. కుర్రాళ్లు తెప్పించుకుంటున్న కరోలినా రీపర్ మిరపకు తెలుగు పేరు ఎవరూ పెట్టలేదు. నిటారుగా ఆకాశం వైపు కాసే చిట్టి మిరపకు మాత్రం ఊరికో పేరుంది, ఏ నిఘంటువులోనూ అన్నీ ఒకచోట దొరకవు. శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల నోట విన్న మాటలను పోగుచేసి నిఘంటువు కట్టారు. మనకు అంత శ్రమ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు మిరపలో ఏ రకాన్ని ఏమనేవారో, ఏ ముడతను ఏమనేవారో అడిగి, ఊరి పేరుతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టండి.