ముందు తెరచాపను చుట్టే సాధనం – పరిణామం

పూర్వం గాలి ముదిరితే ముందు తెరచాపను దించటానికి నావికుడు పడవ ముందుకొనకు పాకవలసి వచ్చేది. ఒంటరివాడికి అది ప్రాణాపాయమే. ఇంగ్లండులో 1907లో పేటెంటు పొందిన వైకమ్ మార్టిన్ సాధనం ఆ అవసరాన్ని చాలావరకు తప్పించింది. కింద డ్రమ్ము, పైన స్వివెల్. వెనుక కూర్చుని తాడు లాగితే తెరచాప తన అంచులోని తీగకే చుట్టుకొనేది. అయితే సగం చుట్టి నడపటానికి అది పనికిరాదు, తీగ మెలిపడేది. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో ముందు స్టే తీగపై తొడిగిన అల్యూమినియం గొట్టాలు ఈ లోపాన్ని తీర్చాయి. కాని కొత్త చిక్కు కొయ్య శిఖరాన పుట్టింది. తెరచాపను ఎత్తే హాల్యార్డు తాడు స్టేకు మరీ దగ్గరగా, సమాంతరంగా ఉంటే దానికే చుట్టుకొంటుంది. అప్పుడు బలవంతంగా లాగితే స్టే తెగి, కొయ్యే కూలవచ్చు. అందుకే సాధనాన్ని బిగించేటప్పుడే ఆ తాడు స్టే నుంచి కొద్దిగా ఎడంగా, కొయ్యవైపు ఏటవాలుగా వెళ్ళేలా చూస్తారు.